అరవై ఒక్క రాళ్ళు

మా వదిన ట్రీవా నవ్విందంటే లిక్ బ్రాంచ్ లోయలో మొదటి ఇంటి దగ్గర పుట్టిన నవ్వు చివరి ఇంటి దాకా వినిపించేది. మా నాన్నను పూడ్చిపెట్టిన రోజున బోధకుడు పిడికెడు మట్టి తీయబోయి వంగితే ఆయన టోపీ గోతిలో పడింది. అందరం తలలు దించుకుని పెదవులు కొరుక్కుంటున్నాం. వదిన ఒక్కతే బయటికి నవ్వేసింది. దాంతో బోధకుడూ నవ్వాడు, మా అమ్మా నవ్వింది, పెట్టె మోసిన ఆరుగురూ నవ్వారు. అలాంటి మనిషి ఆరేళ్ళపాటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బతికింది. నా కోపమంతా దాని గురించే.

మా కెంటకీ కొండల్లో పళ్ళు నిలబెట్టుకోవడం కంటే పోగొట్టుకోవడం తేలిక. బొగ్గు గని నడిచినన్నాళ్ళూ బావి నీళ్ళు నారింజ రంగులో వచ్చేవి. గని మూతపడ్డాక ఉద్యోగాలు పోయాయి గానీ నీళ్ళ రంగు పోలేదు. ఆ నీళ్ళు తాగలేక అందరం తియ్యటి సోడాలు తాగి పెరిగాం. వదిన పళ్ళు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. చివరికి ఓ వేసవిలో హైస్కూలు జిమ్ములో ఉచిత దంత వైద్య శిబిరం పెడితే ఇద్దరం వెళ్ళి సగం రోజు వరసలో నిలబడ్డాం. మిగిలిన పదకొండు పళ్ళూ ఒక్క పూటలో పీకేసి, నోట్లో దూది కుక్కి, చేతిలో ఓ కాగితం పెట్టి పంపారు. పీకడం ఉచితం, కొత్తవి కట్టడం మాత్రం కాదు. ఆ సంగతి కాగితంలో ఎక్కడో అడుగున రాసుంది.

నా పేరు నోరీన్. ట్రీవా మా అన్న డ్వైట్ నేపియర్ భార్య. భార్య అనకూడదేమో, విడిపోయి ఏడేళ్ళయింది. వాళ్ళు విడిపోయారు గానీ నేను విడిపోలేదు.

వాళ్ళెందుకు విడిపోయారో చెప్తే మా అన్న ఎలాంటివాడో మీకు తెలిసిపోతుంది. మా జిల్లా మొత్తానికి అడవి కాపలా చూసే వార్డెను ఆయనొక్కడే. కాలం కాని కాలంలో జింకను కొట్టినా, కొలతకు తగ్గిన చేపను ఉంచుకున్నా, పరాయి కొండ మీద దుంప తవ్వినా చలానా రాసేది ఆయనే. అబద్ధం ఆడడు. మంచితనం వల్ల కాదు, ఆడటం చేతకాక. పెళ్ళయిన పందొమ్మిదో ఏడు, లైసెన్సు గడువు దాటిన మర్నాడు చేప పట్టిందని కట్టుకున్న పెళ్ళానికే చలానా రాశాడు. అదీ ఆ చేప వేపుడు రెండు ముక్కలు తిని, చెయ్యి కడుక్కున్నాక. వదిన ఆ చలానాను ఫ్రిజ్జు తలుపుకి అంటించి, బట్టలు సర్దుకుని, వాళ్ళ అమ్మమ్మ బతికినన్నాళ్ళూ ఉన్న పాత ట్రైలరు ఇంటికి వెళ్ళిపోయింది.

నేనూ వదినా ఊళ్ళో వృద్ధాశ్రమంలో పని చేస్తాం. నాది బట్టలుతికే గది, ఆమెది వంటిల్లు. రోజుకు తొమ్మిది గంటలు సిమెంటు నేల మీద నిలబడి ఆమె మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ ఏడాది ఆగస్టులో, ముసలివాళ్ళను ఆడించి పాడించే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. అది కూర్చుని చేసే ఉద్యోగం. కాగితం పువ్వులు చేయించాలి, పాత పాటలు పాడించాలి, మధ్యాహ్నం అంకెలు పిలుస్తూ బింగో ఆడించాలి, కార్డు నిండినవాళ్ళు బింగో అని అరుస్తారు. మనుషులను నవ్వించడమే పని. దేవుడు ఆ ఉద్యోగాన్ని మా వదిన కోసమే పుట్టించాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఓ వారం రోజులు ఆ అమ్మాయి బదులు ఆమెను కూర్చోబెట్టారు. పాటలు బాగానే సాగాయి, బింగో దగ్గర కొంప మునిగింది. పళ్ళు లేని నోట్లోంచి అరవై, ఇరవై, డెబ్బై అన్నీ ఒకే గాలిలా వచ్చేవి. వినేవాళ్ళలో సగం మందికి చెవుడు. తొంభై ఒక్కేళ్ళ బ్యూలా అవ్వ తనే గెలిచానంటే, పక్కావిడ కాదు తనే గెలిచానని, ఇద్దరూ కర్రలెత్తుకున్నారు. మేనేజరు మిసెస్ ఓవర్టన్ చెడ్డ మనిషి కాదు. వదినను పక్కకి పిలిచి, నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ లోపల నోరు బాగు చేయించుకుంటే ఆ కుర్చీ నీదేననీ, అప్పటిదాకా ఎవరినీ పెట్టననీ, ఆ తర్వాత తను ఆగలేననీ చెప్పింది. మూడు నెలలు. ఆ మూడు నెలల్లో వదినకి పళ్ళు రావాలి.

ఆ సాయంత్రం నా కారులో ఇంటికి వెళ్తుంటే వదిన చాలాసేపు కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"నోరీన్, మా అమ్మమ్మ కొండ మీద శాంగ్ పండి ఉంటుందే ఈపాటికి."

"ఆ కొండ ఇప్పుడు మీ అమ్మమ్మది కాదు వదినా."

"ఆ ముక్క శాంగ్‌కి తెలీదుగా."

శాంగ్ అంటే జిన్సెంగ్ అనే మందు దుంప. సముద్రాల అవతల దాన్ని కళ్ళకద్దుకుని కొంటారట. మా లోయలో మాత్రం అది పిల్లల బడి బూట్లు, చలికాలపు కరెంటు, ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు. వదిన అమ్మమ్మ వర్డీ యాభై ఏళ్ళు ఆ కొండవాలు మీద శాంగ్ పెంచింది. ఆవిడ పోయాక వదిన మేనమామ ఆ కొండను లెక్సింగ్‌టన్ నుంచి వచ్చిన ప్రాథర్ అనే రిటైరైన లాయరుకి అమ్మేశాడు. ప్రాథర్ చెట్టు చెట్టుకీ ఒక బోర్డు కొట్టాడు, లోపలికి అడుగు పెడితే జైలేనని. ఆయనకు శాంగ్‌కీ దురదగుంటాకుకీ తేడా తెలియదు. కానీ చట్టం ప్రకారం ఆకు ఆయనది, దుంప ఆయనది. మేము తవ్వితే దొంగలం.

వర్డీ అమ్మమ్మ పద్ధతి ఒకటుండేది. అది చెప్పకపోతే మీకు మిగతా కథ అర్థం కాదు. ఒక మొక్కను తవ్వితే, దాని తల మీదున్న ఎర్రటి పళ్ళలో మూడింటిని అదే గోతిలో బొటనవేలంత లోతున పెట్టాలి. పైన ఆకుమట్టి కప్పాలి. దాని మీద వాగులోంచి తెచ్చిన చదునైన రాయి, బిస్కెట్టంతది, ఒకటి పెట్టాలి. లేకపోతే అడవి టర్కీ కోళ్ళు గీకి తినేస్తాయి. రెండు చలికాలాలు గడిచాక మార్చి నెలలో వెళ్ళి ఆ రాయి ఎత్తెయ్యాలి. ఎత్తకపోతే మొలక దాని కిందే కుళ్ళిపోతుంది. తవ్వి, పెట్టకుండా వచ్చినవాడు తన బల్ల దగ్గర కూర్చోకూడదని ఆవిడ రూలు. ఈ పద్ధతి మనవరాలికి నేర్పింది, కొత్తల్లుడని మా అన్నకూ నేర్పింది. నాకూ నేర్పాలని చూసింది గానీ, కొండ మీదికి రాళ్ళు మోసే తెలివితక్కువ పని నావల్ల కాదంటే వదిలేసింది.

సెప్టెంబరులో ఓ ఆదివారం పొద్దున ముహూర్తం పెట్టుకున్నాం. ఆ వేళప్పుడు ప్రాథర్ ఊళ్ళో మెథడిస్టు చర్చిలో ఉంటాడు. మా అన్న బాప్టిస్టు చర్చిలో మొదటి బల్ల మీద, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉంటాడు. దొంగలకు అంతకంటే మంచి వేళ ఉండదు. బండి నా పాత బ్యూయిక్. దానికి రివర్సు పోయి రెండేళ్ళయింది, అందుకని ఎక్కడ ఆపినా ముందుకే పోయేలా ఆపాలి. వదిన పిండి బస్తా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. బండి ఓ పక్కకి ఒరిగింది.

"అందులో ఏంటి?" అన్నాను.

"రాళ్ళు."

"వదినా, మనం దొంగతనానికి వెళ్తున్నామా, వ్యవసాయానికి వెళ్తున్నామా?"

"రాళ్ళు లేకుండా శాంగ్ ఎలా తవ్వుతారే?" అంది, అన్నం ఎలా తింటారని అడిగినంత మామూలుగా.

దొంగతనానికి వెళ్ళేవాళ్ళు దిగేటప్పుడు బరువు మోస్తారు. ఎక్కేటప్పుడు మోసినవాళ్ళం మేమే అయ్యుంటాం. ఆమె మోకాళ్ళు పట్టేస్తుంటే ఆ బస్తా నా భుజాన పడింది. రాళ్ళు మోయనని వర్డీ అమ్మమ్మతో తెగేసి చెప్పినదాన్ని, ఆవిడ పోయిన పన్నెండేళ్ళకి ఆవిడ కొండ మీదికే రాళ్ళు మోశాను. పైన ఆవిడ నవ్వుకునే ఉంటుంది.

కొండ ఉత్తరపు వాలు మీద, మేపుల్ చెట్ల నీడలో, శాంగ్ ఆకులు అప్పుడే పసుపు రంగుకి తిరుగుతున్నాయి. పళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. వదిన పెద్ద స్క్రూడ్రైవరు తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ చేతులను చూస్తే భయమంతా మర్చిపోయాను. వేరు పీచు ఒక్కటి తెగకుండా దుంపను పైకి తీసేది. చిన్న మొక్కలను ముట్టుకునేది కాదు. తీసిన ప్రతి చోటా మూడు పళ్ళు పెట్టడం, మట్టి కప్పడం, చెయ్యి చాచడం. నేను ఆ చేతిలో ఒక రాయి పెట్టాలి. త్వరగా కానిమ్మని ఎన్నిసార్లు అన్నా వినలేదు, ఒక చోట విషమున్న రాగితల పామును కర్రతో పక్కకి నెట్టి మరీ పళ్ళు నాటింది. మధ్యలో బస్తా చిరిగి రాళ్ళు దొర్లితే వంగి ఒక్కొక్కటే ఏరాను. ఆ వంగడమే తర్వాత నా పరువు తీసింది.

ఇక దిగుదామనుకునేసరికి కింద ప్రాథర్ బండి శబ్దం వినిపించింది. ఆ రోజు ప్రసంగం పొట్టిగా ముగిసిందట. మెథడిస్టులను నమ్మకూడదని అప్పుడే తెలిసింది. పడిపోయిన పోప్లర్ మాను ఒకటుంటే దాని వెనక బోర్లా పడుకున్నాం.  పక్కకి తిరిగి చూస్తే వదిన పడుకునే తవ్వుతోంది. ఆ మాను వెనక మూడు మొక్కలు కనిపించాయట, ఒక్కోటీ నాలుగు కొమ్మలది, అంటే బాగా ముదిరి ధర పలికేది. పడుకునే మూడూ తీసింది, పడుకునే పళ్ళు నాటింది, పడుకునే నా వైపు చెయ్యి చాచింది. నేను ఏడుపు మొహంతో మూడు రాళ్ళిచ్చాను.

ప్రాథర్ ఇంట్లోకి వెళ్ళాక అవతలి వైపు జారుకుంటూ దిగి బ్యూయిక్ ఎక్కాం. వెనక్కి పోదు కదా, ముందున్నది వాగు. వాగులోకే దింపి నీళ్ళలోనే అరమైలు నడిపాను. కాళ్ళ దగ్గరికి నీళ్ళొస్తుంటే ఇద్దరికీ నవ్వు పుట్టింది. నవ్వీ నవ్వీ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అప్పుడు వదిన వైపు చూశాను. అడవి మధ్యలో, వాగులో, నేను తప్ప మనిషన్నవాడు లేనిచోట కూడా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతోంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఈ దొంగతనం చేసినందుకు ఆ తర్వాత ఎప్పుడూ నాకు పశ్చాత్తాపం కలగలేదు.

దుంపలను నా కారు అద్దం కింద పరిచి ఎండబెట్టాం. మూడు వారాలపాటు బండి తడిమట్టి వాసన కొట్టింది. దుంపలు కొనేవాడు ఎక్కడివని అడగలేదు, అడిగితే వాడి వ్యాపారం సాగదు. నవంబరు మొదటి వారంలో వదినకి పళ్ళ సెట్టు వచ్చింది.

దంతవైద్యుడి దగ్గర్నుంచి బయటికొచ్చి కారులో కూర్చుంది. అద్దం కిందికి వంచుకుంది. "అరవై," అంది. ఆగింది. "ఇరవై. డెబ్బై. అరవై ఆరు." ఇంటిదాకా దారి పొడవునా అంకెలే. మధ్యలో పెట్రోలు బంకు దగ్గర ఆగి మొక్కజొన్న కంకి కొనుక్కుని కొరికింది, సగంలో పై సెట్టు కంకికే ఉండిపోయింది. అప్పుడు నవ్వింది చూడండి, రెండు చేతుల్లోనూ కంకి ఉంది కాబట్టి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు. బంకులో వాళ్ళు తిరిగి చూశారు. ఆరేళ్ళ తర్వాత విన్నాను ఆ నవ్వు. మిసెస్ ఓవర్టన్ ఆ పళ్ళు చూసి, పండుగ వెళ్ళిన సోమవారం నుంచి కుర్చీలో కూర్చోమంది.

ఆ సోమవారం రాకముందే మా అన్న వచ్చాడు. మధ్యాహ్న భోజనాల వేళ, యూనిఫారంలో, టోపీ చంకలో పెట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాడు. జేబులోంచి ఒక రాయి తీసి బల్ల మీద పెట్టాడు. చదునైనది, బిస్కెట్టంతది. వదిన రాయి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. నేను ఉతికిన దుప్పట్ల బండి వెనక దాక్కున్నాను.

"ప్రాథర్ ఫిర్యాదు ఇచ్చాడు," అన్నాడు అన్న. "కోర్టు నుంచి కాగితం వస్తుంది ట్రీవా."

"తిని వెళ్ళు," అంది వదిన. చిక్కుళ్ళూ మొక్కజొన్న రొట్టే పెట్టింది. ఆయన తిన్నాడు. ఈసారి చలానా రాయలేదు గానీ చెయ్యి కడుక్కుని వెళ్ళేటప్పుడు రాయి జేబులో వేసుకుని తీసుకెళ్ళాడు, అది సాక్ష్యం కనుక.

ఆలోచించండి. ఆ కొండ మీద వాగు రాళ్ళు ఉండవు. ఎండాకుల మధ్య కడిగిన పళ్ళేల్లాంటి రాళ్ళు పేర్చి వచ్చింది మా వదిన. ఊరూ పేరూ రాసి సంతకం పెట్టినా అంత స్పష్టంగా ఉండేది కాదు. నేనేమో గొంతు చించుకుని చెప్పాను, పళ్ళు నాటకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా అని. నాటకపోతే తనకి తెలుస్తుంది కదా అంది.

వదిన తరఫున వాదించడానికి ప్రభుత్వ ఖర్చుతో ఒక కుర్ర లాయరునిచ్చారు. నేరం రుజువైతే ఆరు నెలలు పడొచ్చన్నాడు, దొంగతనం కేసున్నవాళ్ళకి ఆశ్రమంలో ఉద్యోగం ఎలాగూ ఉండదన్నాడు. అతను చెప్పింది ఒకటే. వంటింట్లో పనిచేసే మనిషికి ఈ శరత్కాలంలోనే కొత్త పళ్ళు వచ్చాయంటే జడ్జికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు, కాబట్టి కోర్టులో నోరు తెరవొద్దు, నవ్వొద్దు. పళ్ళు తీసి పర్సులో పెట్టుకోవడం ఇంకా మంచిదన్నాడు. తీయనంది వదిన. మూసుకునైతే కూర్చుంటానంది.

విచారణ రోజున ఆశ్రమం వ్యానులో బ్యూలా అవ్వతో సహా నలుగురు ముసలివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకి కోర్టంటే సినిమాతో సమానం. నేను రెండో వరసలో కూర్చున్నాను. మా అన్న బైబిలు మీద చెయ్యి పెట్టి బోనెక్కాడు. ఆయన అబద్ధం చెప్పడు. అదే మా భయం.

వదిన మీద కేసు నడిపే ప్రభుత్వ లాయరు ఆ రాయి చూపించి, ఇలా రాళ్ళు పెట్టే పద్ధతి ఎవరిదని అడిగాడు. వర్డీ స్టిడమ్‌ది అన్నాడు అన్న. ఈ జిల్లాలో ఆ పద్ధతి ఎవరెవరికి తెలుసని అడిగాడు.

"ముగ్గురికి. వర్డీ పోయింది. ఇంకొకరు ట్రీవా."

"మూడో వ్యక్తి?"

"నేనే సార్."

కోర్టులో చిన్న నవ్వు లేచింది. జడ్జి ముసలాయన, మా కొండల మనిషే, కళ్ళజోడు సర్దుకున్నాడు. అయితే ఈ పని ట్రీవాదేనని చెప్పగలవా అని ఆయనే అడిగాడు. ఈ పని తను చెయ్యలేదని మాత్రం చెప్పగలనన్నాడు అన్న. కానీ దొంగైతే తనూ అదే మాట చెప్పేవాడు కదా అని తనే అన్నాడు. వదిన భుజాలు కదలడం నాకు వెనక నుంచి కనిపించింది. పెదవులు బిగబట్టింది.

అప్పుడు ప్రభుత్వ లాయరు ఒక పెద్ద ఫోటో బయటికి తీశాడు. ప్రాథర్ చెట్టుకి కట్టిన కెమెరాలో పడిందట. అందులో మొహం లేదు. ఎర్రపువ్వుల గౌను, వంగున్న మనిషి వెనక భాగం, అంతే. ఫోటో నిండా అదే. ఆ గౌను నాది. ఆ భాగమూ నాదే. కోర్టు నిండా జనం దాన్ని తేరిపార చూస్తుంటే నేను బల్ల కిందికి జారిపోయాను.

"ఈ ఫోటోలో ఉన్నది నిందితురాలే కదా?" అన్నాడు లాయరు.

అన్న ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "కాదు," అన్నాడు.

"అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?"

"పందొమ్మిదేళ్ళు కాపురం చేశాను సార్."

ఇక ఆగలేదు. మా వదిన నవ్వింది. ఆరేళ్ళు అరచేతి వెనక దాచుకున్న నవ్వంతా ఒక్కసారే బయటికొచ్చింది. తల వెనక్కి వాలిపోయింది, పై పళ్ళూ కింది పళ్ళూ కోర్టు దీపాల కింద తళతళలాడాయి. జడ్జి నవ్వాడు, గుమాస్తా నవ్వాడు, ప్రాథర్ కూడా నవ్వి, అంతలోనే ఆ పళ్ళ వైపు చూసి నవ్వు ఆపేశాడు. కుర్ర లాయరు తల పట్టుకున్నాడు. అయినా గండం గడిచినట్టే అనిపించింది. పళ్ళు ఎవరికైనా ఉంటాయి. ఫోటో ఆమెది కాదని ప్రమాణం చేసి చెప్పారు.

ప్రభుత్వ లాయరు కాగితాలు సర్దుకుంటూ చివరి మాటగా, మొత్తం ఎన్ని మొక్కలు పోయాయని అడిగాడు. రాళ్ళు లెక్కపెట్టానన్నాడు అన్న. యాభై ఎనిమిది అన్నాడు.

"అరవై ఒకటి."

గంట కొట్టినంత స్పష్టంగా వినిపించింది. అరవైలో ప్రతి అక్షరం పళ్ళకి తగిలి మరీ బయటికొచ్చింది. వదిన లేచి నిలబడి ఉంది. కుర్ర లాయరు ఆమె చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు.

"పోప్లర్ మాను వెనక మూడున్నాయి డ్వైట్," అంది. "నువ్వెప్పుడూ వంగి చూడవు."

 వెనక వరస నుంచి బ్యూలా అవ్వ చెయ్యెత్తి "బింగో" అంది.

ఆ తర్వాత వదిన దాచిందేమీ లేదు, ఒక్క నా పేరు తప్ప. ఒక్కదాన్నే వెళ్ళానంది. మరి ఫోటోలో ఎవరని జడ్జి అడిగితే, ఆదివారం అడవిలో ఎవరెవరు తిరుగుతారో తనకేం తెలుసంది. జడ్జి నా గౌను వైపు చూశాడు. కోర్టుకి నేను వేసుకెళ్ళింది నీలంది, దేవుడి దయ. నేను లేచి నిజం చెప్పి ఉండాల్సింది. లేవలేదు. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పోయిన దుంపలకు బదులు ఏం కావాలని జడ్జి ప్రాథర్‌ను అడిగాడు. ఆ దుంపలు ఇప్పుడెక్కడ ఉన్నాయో అందరికీ కనిపిస్తూనే ఉంది. ప్రాథర్ వదిన నోటి వైపు చూసి, ఏమీ వద్దులెండి అన్నాడు. నూట ఎనభై మూడు పళ్ళు నాటి వెళ్ళిన దొంగని తను లాయరుగా ముప్పై ఏళ్ళలో చూడలేదని కూడా అన్నాడు. జడ్జి దొంగతనం తీసేసి, పరాయి భూమిలో అడుగుపెట్టిన నేరం ఉంచాడు. జైలు లేదు. రెండు వందల గంటలు జీతం లేని సేవ. ఐదేళ్ళపాటు ఆ కొండ మీద కాలు పెట్టకూడదు.

జైలు లేదన్నందుకు నేను ఏడుస్తున్నాను. వదిన మాత్రం జడ్జి వైపే చూస్తోంది.

"రాళ్ళు ఎవరు ఎత్తుతారు జడ్జిగారూ?" అంది. "వచ్చే మార్చికి కాదు, ఆ పై మార్చికి ఎత్తాలి. ఎత్తకపోతే అన్నీ చచ్చిపోతాయి."

నువ్వు మాత్రం కాదు అన్నాడు జడ్జి. అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. అన్న బోనులో నిలబడి తన టోపీ లోపలికి చూసుకుంటున్నాడు.

మిసెస్ ఓవర్టన్ చేతులెత్తేసింది. కోర్టు గొడవ ఉన్న మనిషికి ఆ ఉద్యోగం ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదు, వంటింట్లో ఉంచడమే గొప్ప. కానీ రెండు వందల గంటల సేవ ఎక్కడ చేయించాలన్న కాగితం వస్తే, నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టింది. మధ్యాహ్నాలు, ముసలివాళ్ళతో, ఆ కుర్చీలోనే. అలా మా వదినకి కోరుకున్న ఉద్యోగమే శిక్షగా పడింది, జీతం లేకుండా. గంటలు పూర్తయ్యాక ఇంకో అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టారు. ముసలివాళ్ళు బింగో కార్డులు తిరగేసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండు వారాలు ఒక్కరూ ఆడలేదు. మూడో వారం పైవాళ్ళు దిగొచ్చి, ఒంటిపూట ఉద్యోగం కింద వదిన పేరు రాశారు. ఆమె అరవై ఒకటి అని పిలిచిన ప్రతిసారీ బ్యూలా అవ్వ కార్డు చూడకుండానే బింగో అంటుంది. ఎవరూ కాదనరు.

ఆ కొండ గురించి వదిన మళ్ళీ ఎత్తలేదు. రెండో చలికాలం వెళ్ళి మార్చి వస్తుంటే మాత్రం ఆమె కిటికీ దగ్గర ఎక్కువసేపు నిలబడటం గమనించాను. నేను వెళ్ళి ఎత్తొస్తానన్నాను. నిన్ను కూడా పట్టుకుంటారు, ఆ వెనక భాగం జిల్లా అంతా గుర్తుపడుతుంది అంది.

ఆ మార్చి చివరి వారంలో, బింగో నడుస్తుండగా, మా అన్న వచ్చాడు. రెండు చేతులతో పందికొవ్వు డబ్బా ఒకటి మోసుకొచ్చి వదిన ముందు బల్ల మీద దించాడు. మోకాళ్ళకి మట్టి ఉంది. డబ్బా నిండా చదునైన రాళ్ళు. ప్రాథర్ దగ్గర అనుమతి కాగితం కూడా తీసుకున్నాడట, జేబులోంచి తీసి చూపించాడు. ఆయన మా అన్న కదా.

వదిన అంకెలు పిలవడం ఆపేసింది. రాళ్ళు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. ముసలివాళ్ళు కూడా ఆమెతోపాటు పెద్దగా లెక్కపెట్టారు. యాభై ఎనిమిది దగ్గర డబ్బా ఖాళీ అయింది.

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన పాపం నేల వైపు చూశాడు.

"నడుం పట్టేసింది ట్రీవా," అన్నాడు.

వదిన నవ్వలేదు. బల్ల కింద పెట్టుకున్న తన భోజనం డబ్బా తీసి, మొక్కజొన్న రొట్టె ముక్క కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన టోపీ పెట్టుకుని, ఆ రొట్టె తింటూ, మళ్ళీ కొండ వైపు వెళ్ళాడు. ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు నవ్వింది.